కొవ్వొత్తి వెలిగించి నిద్రపోయాను...

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పగలంతా ఆఫీసు, సాయంత్రం ఇంటిపని, పిల్లాడి హోంవర్కు. రాత్రి అందరూ పడుకున్నాక మిగిలే ఒక్క గంటే నాది. గాజు గ్లాసులో వచ్చే వాసన కొవ్వొత్తి వెలిగించుకుని ఏదో ఒకటి చదువుకుంటాను. రెండేళ్లుగా ఇదే అలవాటు. పోయిన వారం చదువుతూ చదువుతూ సోఫాలోనే నిద్రపోయాను. 'టప్'మన్న చప్పుడుకి మెలకువ వచ్చింది. గ్లాసు అడుగు పగిలి, మైనం చెక్క బల్ల మీదకి కారి, మంట మండుతోంది. నా కేకకి మావారు లేచొచ్చి చేతికందిన సీసాలో నీళ్లు గుమ్మరించారు. మంట ఆరకపోగా భగ్గున పైకి లేచింది. ఆయన కుడి చేతి మీద మైనం పడి బొబ్బలెక్కింది. చివరికి మందపాటి నూలు దుప్పటి కప్పితే ఆరింది. కంగారులో చేతికి టూత్‌పేస్ట్ రాశాం. మర్నాడు ఇంట్లో ఉన్న కొవ్వొత్తులన్నీ ఆయన చెత్తలో పడేశారు. నేనేమీ అనలేకపోయాను. కానీ రెండేళ్లు ఏమీ కానిది ఆ రోజే ఎందుకైంది? గ్లాసు ఎందుకు పగిలింది? నీళ్లు పోస్తే మంట ఎందుకు పెరిగింది? ఇంట్లో ఆరేళ్ల బాబు, ఒక పిల్లి కూడా ఉన్నారు. ఇక నేను కొవ్వొత్తి మాటే ఎత్తకూడదా?
- ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, కొవ్వొత్తి సంగతి తర్వాత. ముందు మీవారి చెయ్యి ఎలా ఉంది? వారం దాటింది కాబట్టి ఈపాటికి బొబ్బలు ఎండుతూ ఉండాలి. ఎండకుండా చీము పట్టినా, చుట్టూ ఎర్రదనం పాకుతున్నా, వాపు తగ్గకపోయినా, జ్వరం తగిలినా, వేళ్లు ముడవడం కష్టంగా ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి. అవేవీ లేకపోయినా, కాలింది చెయ్యి, అదీ పనిచేసే చెయ్యి కాబట్టి, ఇంతవరకు చూపించకపోతే ఒకసారి చూపించడమే మేలు. టెటనస్ ఇంజెక్షన్ అవసరమా అన్నదీ అక్కడే అడగండి.

టూత్‌పేస్ట్ రాసినందుకు మిమ్మల్ని ఏమీ అనను. కాలిందనగానే మనలో చాలామంది చెయ్యి దానివైపే వెళ్తుంది. రాసిన క్షణంలో చల్లగా అనిపిస్తుంది కూడా. కానీ అది పుండు మీద పొరలా పట్టేస్తుంది, లోపలి వేడిని బయటకి పోనివ్వదు. పైగా తర్వాత డాక్టరు దాన్ని గీకి తీయాలి, ఆ బాధ వేరే. కాలిన చోటికి కావాల్సింది పంపు కింద చల్లటి నీళ్లు, అదీ 20 నిమిషాల పాటు. రెండు నిమిషాలు పెట్టి తీసేయడం కాదు, గడియారం చూసుకుని 20 నిమిషాలు. చర్మం పైన చల్లబడినా లోపలి పొరలు ఇంకా ఉడుకుతూనే ఉంటాయి. వెంటనే కుదరకపోతే, కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు పెట్టినా ఎంతో కొంత ఉపయోగం ఉంటుంది. ఐసు ముక్క మాత్రం వద్దు, చర్మం ఇంకా దెబ్బతింటుంది. వాపు మొదలుకాకముందే ఉంగరం, వాచీ, గాజులు తీసేయాలి. చర్మానికి అంటుకున్న మైనాన్ని వేడి మీద లాగకూడదు. నీళ్ల కింద అది గట్టిపడుతుంది. దానంతటది ఊడితే సరే, లేకపోతే డాక్టరు చూసుకుంటారు. పైన శుభ్రమైన పల్చటి గుడ్డ గానీ, వంటింట్లో వాడే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర గానీ వదులుగా కప్పితే చాలు. బొబ్బలు చిదమకూడదు. ముఖం, చేతులు, కీళ్లు కాలినా, కాలిన భాగం ఆ మనిషి అరచేతి కంటే పెద్దదైనా, కాలింది పిల్లలకైనా నేరుగా ఆస్పత్రికే.

ఇక మీ ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది మొదటిది. రెండేళ్లు ఏమీ కానిది ఆ రోజే ఎందుకైంది? చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. 'ఖర్మ' అని వదిలేస్తారు, లేదా మీవారిలా అన్నీ పారేస్తారు.

కొవ్వొత్తిని మనం ఒక వస్తువు అనుకుంటాం, బల్బు లాగా. బల్బు మొదటి గంటలో ఎలా ఉందో నాలుగో గంటలోనూ అలాగే ఉంటుంది. కొవ్వొత్తి అలా కాదు. మీరు వెలిగించినప్పుడు ఉన్న కొవ్వొత్తి వేరు, మూడు గంటల తర్వాత అదే గ్లాసులో ఉన్నది వేరు. మీరు రెండేళ్లూ మొదటిదాన్ని చూస్తూ కూర్చున్నారు. ఆ రాత్రి కళ్లు మూసుకుని రెండోదానికి ఇల్లు అప్పగించారు.

అదెలాగో చెప్తాను. కొవ్వొత్తిలో మండేది గట్టి మైనం కాదు, కరిగిన మైనం కూడా కాదు. కరిగిన మైనం వత్తి వెంట పైకి పాకి, మంట వేడికి ఆవిరి అవుతుంది. మండేది ఆ ఆవిరే. మంటని ఊదేసిన వెంటనే లేచే తెల్లటి పొగ చూశారు కదా, అది చాలావరకు మండని మైనపు ఆవిరే. వత్తికి కాస్త పైన, ఆ పొగకి అగ్గిపుల్ల చూపిస్తే మంట కిందకి దూకి వత్తిని మళ్లీ అంటుకుంటుంది. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860-61 శీతాకాలంలో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని పిల్లలకి ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఈ పొగ తమాషా కూడా వాటిలో ఉంది. (మీ బాబు ముందు మాత్రం చేసి చూపించకండి, ఇంకో పదేళ్లు ఆగండి.)

మామూలు పారఫిన్ మైనం 50, 60 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. కానీ ఆ కరిగిన మడుగు వత్తితో పని లేకుండా మంటని అందుకోవాలంటే సుమారు 200 డిగ్రీలు దాటాలి. ఆ 60కీ ఈ 200కీ మధ్య ఉన్న తేడానే మన భద్రత. కొత్త కొవ్వొత్తిలో కరిగిన మైనం కింద బోలెడు గట్టి మైనం ఉంటుంది. మంట ఇచ్చే వేడిలో చాలా భాగం దాన్ని కరిగించడానికే ఖర్చయిపోతుంది, కాబట్టి మడుగు అంత వేడెక్కదు. కొవ్వొత్తి అడుగంటే కొద్దీ కరగడానికి గట్టి మైనం మిగలదు. మంట మాత్రం అంతే. ఆ వేడంతా అడుగున ఉన్న పల్చటి మైనానికీ, వత్తిని నిలబెట్టే లోహపు బిళ్లకీ, దాని కింది గాజుకీ ఎక్కుతుంది. గాజుకి వేడిని చుట్టూ పంచే గుణం తక్కువ. బిళ్ల కింద ఉన్న చోటు వేడెక్కి సాగుతుంది, పక్కన చల్లగా ఉన్న గాజు సాగదు. ఆ పెనుగులాటలో 'టప్'.

మీరు రాసినదాన్ని బట్టి ఆ గ్లాసు అడుగంటే దశలో ఉండి ఉంటుంది. అడుగే పగిలింది, మైనం మండుతూ కారింది, నీళ్లకి భగ్గుమంది. మూడూ దాన్నే చెబుతున్నాయి. అందుకే గాజు గ్లాసు కొవ్వొత్తిలో అర అంగుళం మైనం మిగిలి ఉండగానే ఆపేయాలి. గ్లాసు లేకుండా విడిగా నిలబెట్టే లావుపాటి కొవ్వొత్తి అయితే రెండంగుళాలు ఉండగానే. కొన్న వస్తువుని చివరి బొట్టు దాకా వాడుకోవాలనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. ఆ చివరి బొట్టే మీ బల్లని కాల్చింది. మిగిలిన మైనం మీద అంత మమకారం ఉంటే, చల్లారిన గ్లాసుని ఫ్రీజర్‌లో పెట్టండి. మైనం కుంచించుకుని ఊడి వస్తుంది. పొయ్యి మీద పెట్టి కరిగించే ప్రయత్నం మాత్రం వద్దు.

గ్లాసు పగలడానికి ఇంకో దారి కూడా ఉంది. వత్తి ఒక పక్కకి వాలి మంట గాజు గోడని నాకుతూ ఉంటే, ఎంత మైనం ఉన్నా గాజు చిట్లవచ్చు. వాలిన వత్తిని మంట ఆర్పి, మైనం ఇంకా మెత్తగా ఉండగానే చెంచా కాడతో మధ్యకి నెట్టాలి. సన్నటి గీత పడిన గ్లాసుని ఇక వెలిగించకూడదు. మంచినీళ్లు తాగే గ్లాసులో, కప్పులో ఇంట్లోనే మైనం పోసి కొవ్వొత్తి చేసుకోవడం ఇప్పుడు సరదాగా మారింది. ఆ గ్లాసులు ఈ వేడికి తయారు చేసినవి కావు.

వత్తి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. వెలిగించే ముందు ప్రతిసారీ వత్తిని పావు అంగుళానికి కత్తిరించాలి. ప్రతిసారీ అంటే ప్రతిసారీ. పొడవు వత్తి ఎక్కువ మైనాన్ని పైకి లాగుతుంది, మంట పెద్దదవుతుంది. అంత ఆవిరికి సరిపడా గాలి అందక మసి పుడుతుంది. గ్లాసు అంచుల దగ్గర నల్లగా పట్టేది అదే. వత్తి కొసన చిన్న పుట్టగొడుగులా నల్లటి ముద్ద కట్టడం మీరు చూసే ఉంటారు. అది రాలి మైనంలో పడితే మెల్లగా మైనం పీల్చుకుని, మంట తగిలితే తనే రెండో వత్తి అవుతుంది. ఒక గ్లాసులో ఒక మంటకి బదులు రెండు. అదేవిధంగా వెలిగించి పడేసిన అగ్గిపుల్ల. టీలైట్ అనే చిన్న రేకు గిన్నె కొవ్వొత్తుల్లో ఇది మరీ ప్రమాదం. ఆ గిన్నెలో ఉండేదే కొంచెం మైనం, అందులో అగ్గిపుల్ల పడితే మైనం మొత్తం ఒకేసారి మండిపోయే స్థితికి రావచ్చు. కొవ్వొత్తుల్లో గుచ్చే ఎండుపూలు, ఆకులు, దాల్చిన చెక్క ముక్కలు ఫొటోకి బాగుంటాయి. నా లెక్కలో అవి కూడా వత్తులే.

1825 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో అల్లిన వత్తి వచ్చేదాకా మనుషులు కొవ్వొత్తి పక్కన కత్తెర పెట్టుకుని మాటిమాటికీ వత్తి కొస కత్తిరిస్తూ కూర్చునేవాళ్లు. అల్లిన వత్తి కాలుతూ పక్కకి వంగుతుంది, దాని కొస మంట అంచుకి చేరి అక్కడ పూర్తిగా కాలిపోతుంది. తన పొడవు తనే సరిచూసుకుంటుందన్నమాట. ఆ సుఖానికి అలవాటుపడి మనం కత్తెరని మర్చిపోయాం. గ్లాసుల్లో వచ్చే వత్తులు చాలావరకు నిటారుగా నిలబడేవి, అవి అంత బాగా వంగవు. కాబట్టి కత్తెర మళ్లీ తీయాల్సిందే. కత్తిరించిన ముక్క మైనంలో పడనివ్వకండి.

ఎంతసేపు వెలిగించాలి అంటే, నాలుగు గంటలు దాటొద్దు. ఆర్పి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ కావాలంటే వత్తి కత్తిరించి వెలిగించుకోవచ్చు. మీది ఒక గంట అలవాటే కాబట్టి మామూలు రోజుల్లో ఈ హద్దు దాకా వెళ్లి ఉండరు. ఆ రాత్రి ఎంతసేపు నిద్రపోయారో మీకే తెలియదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. మీవారు చేసింది ఎవరైనా చేసేదే, మంట కనిపిస్తే నీళ్లు. కాగితం, గుడ్డ, కట్టె అంటుకుంటే అదే సరైన పని. కానీ మండుతున్న మైనం 200 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. నీళ్లు 100 డిగ్రీలకే మరిగిపోతాయి. మైనం కంటే నీళ్లు బరువు కనుక అవి మైనం కిందకి దిగుతాయి, దిగిన క్షణంలోనే ఆవిరైపోతాయి. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 1700 లీటర్ల చోటు ఆక్రమిస్తాయి. అంత ఆవిరి ఒక్కసారి పైకి తన్నితే పైన ఉన్న మైనం తుంపరలుగా చిమ్ముతుంది. మడుగుగా ఉన్నప్పుడు పైపైన మండిన మైనం, తుంపరలయ్యేసరికి చుట్టూ గాలి దొరికి మొత్తంగా మండుతుంది. మీరు చూసిన భగ్గు అదే. కాగుతున్న నూనె అంటుకున్నప్పుడు నీళ్లు పోయకూడదనేదీ ఇందుకే.

దుప్పటి కప్పి మంచి పని చేశారు. నూలుది, మందపాటిది కావడం మీ అదృష్టం. పలచటిదైతే మైనాన్ని పీల్చుకుని తనే వత్తి అయ్యేది. సింథటిక్‌ది అయితే కరిగి అంటుకుపోయేది. అసలు పద్ధతి మూత వేయడం. గ్లాసు మీద గ్లాసు కంటే పెద్దదైన స్టీలు పళ్లెం బోర్లిస్తే గాలి అందక మంట ఆరిపోతుంది. ఆరింది కదా అని వెంటనే ఎత్తి చూడకూడదు. లోపల ఇంకా మండే వేడి ఉంటే గాలి తగలగానే మళ్లీ లేస్తుంది. పూర్తిగా చల్లారేదాకా వదిలేయండి. బల్ల మీద పరుచుకున్న మంటకి పెద్ద పళ్లెం గానీ, మంటలార్పే ప్రత్యేకమైన ఫైర్ బ్లాంకెట్ గానీ, పొడి చిమ్మే చిన్న ఎక్స్‌టింగ్విషర్ గానీ పనికొస్తాయి. మండుతున్న గ్లాసుని చేత్తో పట్టుకుని సింకు దాకా పరిగెత్తడం మాత్రం ఎప్పుడూ వద్దు. కదిలిన మైనం ముందు మీ చేతి మీదే ఒలుకుతుంది. ఒక పళ్లెంతో మూయలేనంత మంట అయితే అది ఇక మీ పని కాదు. పిల్లాణ్ని తీసుకుని, ఆ గది తలుపు మూసి, బయటికి వచ్చి ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేయాలి. తలుపు మూయడం మర్చిపోవద్దు, ఒక్క మూసిన తలుపు మంటకి గాలి తగ్గించి పొగని చాలాసేపు ఆపుతుంది.

ఎక్కడ పెట్టాలన్నదానికి నా సొంత కథ ఒకటి చెప్పక తప్పదు. చాలా ఏళ్ల క్రితం ఒక చిన్న కొవ్వొత్తిని పుస్తకాల అలమరలో, మధ్య అరలో పెట్టాను. చుట్టూ ఏమీ లేదు, పుస్తకాలన్నీ పక్క అరలోకి సర్దేశాను, ఎంత జాగ్రత్తపరురాలినో అని మురిసిపోయాను. అరగంటకి ఏదో వార్నిష్ కాలిన వాసన. పై అర చెక్కకి కిందివైపు, సరిగ్గా మంటకి ఎదురుగా, అరచేయంత గోధుమరంగు మచ్చ. ఇంకో అరగంట ఆగి ఉంటే నల్లబడేది, ఆ తర్వాత ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. నేను పక్కలే చూశాను, పైన చూడలేదు. మంటలో అతి వేడిగా ఉండే చోట 1400 డిగ్రీల దాకా ఉంటుంది, ఆ వేడిగాలి పోయేది నేరుగా పైకే. కాబట్టి కొవ్వొత్తికి పైన కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి. పక్కల అడుగు దూరం తప్పనిసరి, మూరెడు ఉంటే ఇంకా నయం. కర్టెన్ ఉంటే అది ఊరికే వేలాడుతున్నప్పటి దూరం కాదు, ఫ్యాను గాలికి ఎగిరితే ఎంతవరకు వస్తుందో అంతవరకు లెక్క. ఆ అలమర ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, మచ్చతో సహా.

గాలి తగిలే చోట కొవ్వొత్తి పెడితే మంట నాట్యం చేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ ఒక పక్కే కరిగి, మసి ఎక్కువై, మైనం ఒలుకుతుంది. కింద అంచు ఉన్న లోహపు పళ్లెం గానీ పింగాణీ పళ్లెం గానీ ఉండాలి. చెక్క మీద నేరుగా వద్దు, ప్లాస్టిక్ మీద అసలే వద్దు. టీలైట్ రేకు చాలా పల్చన, దాని వేడికి కింది ప్లాస్టిక్ మెత్తబడి కుంగిపోతుంది. రెండు మూడు కలిపి వెలిగించేటప్పుడు ఒకదానికొకటి కనీసం బెత్తెడు దూరం ఉంచండి, లేకపోతే ఒకదాని వేడికి ఇంకొకటి వంగిపోతుంది.

మంట దగ్గర స్ప్రేలు కొట్టకూడదని మీకు తెలిసే ఉంటుంది. శానిటైజర్ సంగతి మాత్రం చాలామందికి గుర్తుండదు. అందులో 60 శాతానికి పైగా ఆల్కహాల్. చేతులకి రాసుకుని, తడి ఆరకముందే అగ్గిపుల్ల గీస్తే అంటుకునేది చేతులే. ఆ మంట కంటికి సరిగా కనపడదు కూడా. గ్యాస్ వాసన వస్తుంటే, ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ పెడుతుంటే ఆ ఇంట్లో కొవ్వొత్తి, అగ్గిపుల్ల రెండూ నిషేధం. జుట్టు విరబోసుకుని కొవ్వొత్తి మీదకి వంగి ఊదే అలవాటుంటే మానుకోండి. ఊదితే వేడి మైనం ఎదురు చిమ్ముతుంది, జుట్టు ముందుకి జారుతుంది. గ్లాసు కొవ్వొత్తికి మూత వేసి ఆర్పడమే తేలిక, పొగ కూడా ఉండదు. ఆర్పాక వత్తి కొస ఎర్రగా నిప్పులా లేదని చూసుకుని లేవండి.

ఇప్పుడు అసలు విషయానికి, అంటే మీ గంటకి వద్దాం. మీకు మిగిలేది రోజులో అన్నిటికంటే అలసిపోయిన గంట. కూర్చునేది సోఫాలో. చేతిలో పుస్తకం, చుట్టూ మసక వెలుతురు, మంచి వాసన. ఇవన్నీ కలిస్తే నిద్ర రాకపోతే ఆశ్చర్యపోవాలి. మీ తప్పు కాదు, ఆ ఏర్పాటే నిద్రకి చేసింది. నిద్రలో మన ముక్కు కాపలా కాయదు. పొగ వాసనకి మెలకువ వస్తుందనుకోవడం పెద్ద భ్రమ, పొగ మనిషిని ఇంకా మత్తులోకి తోస్తుంది. చప్పుడుకే మెలకువ వస్తుంది. గ్లాసు పగలకుండా, చప్పుడు లేకుండా పక్కన ఉన్న కాగితమేదో అంటుకుని ఉంటే మీరు నాకీ ఉత్తరం రాసేవారా అని ఆలోచిస్తే నాకే టెన్షన్‌గా ఉంది. కొవ్వొత్తులు వాడినా మానినా, పడక గదుల బయట ఒక స్మోక్ అలారం పెట్టించండి. నెలకోసారి దాని బటన్ నొక్కి మోగుతుందో లేదో చూడండి.

కొవ్వొత్తి వెలిగించిన రోజు సోఫా వద్దు, నిటారుగా ఉన్న కుర్చీలో కూర్చోండి. ఫోన్లో 45 నిమిషాలకి అలారం పెట్టి, ఆ తర్వాతే అగ్గిపుల్ల గీయండి. ఒళ్లు నొప్పులకో జలుబుకో నిద్ర తెప్పించే మాత్ర వేసుకున్న రోజు, మరీ అలసిపోయిన రోజు వెలిగించకండి. అలాంటి రోజులకి బ్యాటరీతో వెలిగే ఎల్‌ఈడీ కొవ్వొత్తులు ఉన్నాయి. నిజం చెప్పాలంటే నాకవి నచ్చవు, బొమ్మ మంట బొమ్మ మంటే. కానీ మంచం పక్కన అంతకంటే మంచిది లేదు. గది దాటి వెళ్లాల్సి వస్తే, నీళ్లు తాగడానికైనా, కాలింగ్ బెల్ మోగినా, ఆర్పి వెళ్లండి. 'రెండు నిమిషాలే కదా' అని లేచినవాళ్లు ఇంకేదో పనిలో పడతారు, అది మీకూ నాకూ తెలిసిందే.

కరెంటు పోయినప్పుడు వెలుతురుకి టార్చి వాడండి. చేతిలో కొవ్వొత్తి పట్టుకుని బట్టల బీరువాలోనో మంచం కిందో వెతకడం కంటే చీకట్లో తడుముకోవడం నయం.

బాబు విషయంలో, అగ్గిపెట్టె, లైటరు పైన పెట్టి తాళం వేయడం సగం పనే. ఆరేళ్ల పిల్లాడికి ఆ రాత్రి ఏం జరిగిందో లీలగా తెలిసే ఉంటుంది, వాళ్ల నాన్న చేతి కట్టు చూస్తూనే ఉంటాడు. భయపెట్టకుండా జరిగింది చెప్పండి. అగ్గిపెట్టె ఎక్కడైనా కనిపిస్తే ముట్టుకోకుండా వచ్చి చెప్పాలని, చెప్తే తిట్టరని వాడికి నమ్మకం కలగాలి. తిడతారనే భయంతోనే పిల్లలు మంటని మంచం కింద దాచే ప్రయత్నం చేస్తారు. బట్టలకి నిప్పంటుకుంటే పరిగెత్తకూడదు, ఆగాలి, కింద పడుకోవాలి, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. దీన్ని ఆటలా నాలుగుసార్లు ఆడించండి, వాళ్ల ఒంటికి గుర్తుండిపోతుంది. పండ్ల ఆకారంలో, బొమ్మల ఆకారంలో ఉండే కొవ్వొత్తులు ఇంట్లోకి తేకండి. పిల్లికి చెప్పగలిగేది ఏమీ లేదు. అది బల్ల మీదకి దూకుతుంది, తోక ఎటు ఊపుతుందో దానికే తెలియదు. కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపు అది గది బయట ఉండాలి.

బల్ల మీద మైనం ఇంకా పేరుకుని ఉంటే కత్తితో గీకకండి. గట్టిపడిన మైనాన్ని పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో లేపి, మిగిలినదాని మీద కాగితం పరిచి గోరువెచ్చటి ఇస్త్రీపెట్టె రాస్తే కాగితం పీల్చుకుంటుంది. కాలిన మచ్చ మాత్రం పోదు, నా అలమరకీ పోలేదు.

ఇక మీవారు. ఆయన పారేసింది మీ సరదాని కాదు, తన భయాన్ని. చెయ్యి కాలింది ఆయనకి, కేక విని లేచొచ్చి మిమ్మల్ని ఆ మంట పక్కన చూసిందీ ఆయనే. 'ఇంట్లో కొవ్వొత్తి ఉండకూడదు' అన్నది అతి అనిపించవచ్చు కానీ, ఆయన దృష్టిలో ఆ మాటకి అర్థం ఉంది. మీరు 'ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను' అంటే ఆయన నమ్మరు, నమ్మాల్సిన పనీ లేదు. ఆ మాట ఎవరైనా అంటారు. ఒక నెల రోజులు ఆగండి, చెయ్యి మాననివ్వండి. ఆ తర్వాత గాజుది కాకుండా రేకు డబ్బాలో వచ్చే, మూత ఉన్న చిన్న కొవ్వొత్తి ఒకటే తెచ్చుకోండి. రేకు డబ్బా పగలదు, వేడి మాత్రం ఎక్కుతుంది, కాబట్టి దాని కిందా పళ్లెం ఉండాలి. ఇంట్లో దానికి ఒకే చోటు, పైన కర్టెన్ గానీ అర గానీ లేని చోటు, ఆయన్నే చూపించమనండి. వత్తి కత్తిరించే కత్తెర, బోర్లించే స్టీలు పళ్లెం అక్కడే ఉండాలి. అలారం మీ ఫోన్లో ఒకటి, ఆయన ఫోన్లో ఒకటి. అలారం మోగాక ఆయన వచ్చి చూసేసరికి అది ఆరి ఉండాలి. ఇలా రెండు నెలలు గడిచాక ఆయన తన ఫోన్లో అలారం పెట్టుకోవడం మర్చిపోతే, అప్పుడు గొడవ తీరినట్టే. మీరు మాత్రం మీ అలారం తీయకండి.

ఇంత చెప్పినా ఆయన వద్దంటే, ఆ గంటకి ఎల్‌ఈడీ పెట్టుకుని చదువుకోండి. మీకు కావాల్సింది ఆ గంట కదా.